ఒక్క టెన్త్ పిల్ల, ఆరు సబ్జెక్టులు: ఇంటికెళ్లి ట్యూషన్ చెప్పేవాళ్లకు

డిగ్రీయో బీఎడ్డో అయిపోయి నల్గొండలోనో పాలమూరులోనో నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు: "మా పిల్ల టెన్తు. ఇంటికొచ్చి అన్నీ చెప్తవా సారూ?" ఆ 'అన్నీ' దగ్గరే చాలామంది జంకుతారు. మాథ్స్ చదివినవాళ్లకు సోషల్ భయం, సోషల్ చదివినవాళ్లకు ఫిజిక్స్ భయం.

భయపడాల్సిన పని లేదు. బడిలో ఆరుగురు సార్లు ఉంటారు, ఒక్కొక్కరు పిల్లను తమ సబ్జెక్టు కిటికీలోంచే చూస్తారు. లెక్కల సారు 'లెక్కల్లో వీక్' అంటాడు, ఫిజిక్స్ సారు 'ఫిజిక్స్‌లో వీక్' అంటాడు. రెండింటి వెనకా ఉన్నది ఒకటే కంత అని తెలిసేది, ఆ పిల్ల పక్కన కూర్చుని అన్ని నోట్సులూ తిరగేసే మనిషికే. ఆ మనిషి మీరే. పాఠాలన్నీ మళ్లీ చెప్పడానికి బడి ఉంది. మీరు ఆ కంత ఎక్కడుందో వెతికి పూడ్చాలి.

ఒప్పుకునే ముందు

ఇంటికి ఒకసారి ఊరికే వెళ్లిరండి. ఎక్కడ కూర్చుంటారు, టీవీ ఎక్కడుంది, ఆ టైముకు కరెంటు ఉంటుందా, ఇంట్లో ఎవరుంటారు అన్నీ చూసుకోండి. ముందు గదిలోనే, తలుపు తీసే కూర్చోండి. ఆడపిల్ల అయితే పెద్దవాళ్లలో ఒకరు ఇంట్లో ఉండాలని మీరే ముందు చెప్పండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు, నమ్మకం పెరుగుతుంది.

ఫీజు మాట మొహమాటం లేకుండా మొదటి రోజే తేల్చండి. నెలకింత, ఫలానా తారీఖుకు. బత్తాయి తోటలున్న ఇళ్లలో, వరి మీదే బతికే ఇళ్లలో డబ్బు నెలనెలా రాదు, పంట అమ్మినప్పుడు వస్తుంది. అలాంటి ఇంట్లో రెండు మూడు నెలలది ఒకసారి తీసుకోవడానికి ఒప్పుకోండి గానీ, ఎంత ఎప్పుడన్నది పిల్ల రఫ్ నోటు వెనకైనా సరే రాసి పెట్టండి. ఈ రాత లేక నేను ఒక ఏడాది మూడు నెలల ఫీజు పోగొట్టుకున్నాను. తప్పు వాళ్లది కాదు. ఎన్ని నెలలయిందో నాకూ గుర్తు లేదు.

పరీక్ష లెక్క కూడా అప్పుడే ఇంట్లోవాళ్లకు చెప్పండి. తెలంగాణ టెన్తులో ఒకప్పుడు పదకొండు పేపర్లుండేవి. తర్వాత వాటిని ఆరు పేపర్లకు కుదించారు. 80 మార్కులు రాతకు, 20 మార్కులు బడిలో జరిగే నాలుగు ఎఫ్ఏలను (ఏడాది నడుమ పెట్టే చిన్న పరీక్షలు, ప్రాజెక్టులు) బట్టి, ఇదీ కొన్నేళ్లుగా నడుస్తున్న పద్ధతి. సైన్సులో భౌతిక శాస్త్రానికీ జీవ శాస్త్రానికీ చెరో 40. ఈ ఏడు ఏమైనా మారిందా అని బడిలో ఒక మాట అడిగి ఖాయం చేసుకోండి. ఎఫ్ఏ మార్కులు ఊరికే వచ్చేవని చాలా ఇళ్లలో పట్టించుకోరు. ప్రాజెక్టు రికార్డు టైముకు ఇవ్వక అవి పోగొట్టుకునే పిల్లలను చూశాను.

మొదటి వారం పాఠం చెప్పకండి

ఇది కష్టంగా ఉంటుంది. ట్యూషన్ సారు వచ్చి పాఠం చెప్పకుండా నోట్సులు తిరగేస్తుంటే లోపల్నుంచి అమ్మ తొంగి చూస్తుంది. "అక్కా, ఒక్క వారం ఓపిక పట్టు, ముందు ఏం వచ్చో చూస్తున్న" అని చెప్పేయండి.

క్లాస్ నోట్సు చూసి ఏమీ తెలియదు. అది బోర్డు మీదది దించుకున్నది, ముత్యాల్లాంటి అక్షరాలుంటాయి. రఫ్ నోటు అడగండి. కొట్టివేతలు, పక్కన చేసిన గుణకారాలు, సగంలో ఆపేసిన లెక్కలు, పిల్ల అసలు చదువు అక్కడుంటుంది. ఆ తర్వాత నాలుగు పనులు చేయించండి. ఏడో తరగతి స్థాయి భిన్నాలు, మైనస్ గుర్తుల లెక్కలు ఓ పది. తెలుగు పుస్తకంలోంచి ఒక పేరా పైకి చదవడం. సోషల్ పుస్తకంలోంచి ఇంగ్లీషు పేరా ఒకటి పైకి చదివి, అందులో ఏముందో తెలుగులో చెప్పడం. ఇక నాలుగోది, నిన్న బడిలో విన్న పాఠం ఏదైనా పుస్తకం చూడకుండా మీకు చెప్పడం.

తప్పు చేస్తుంటే ఆపకండి. చేయి ఎక్కడ ఆగింది, ఎక్కడ ఇంటి కప్పు వైపు చూసింది, ఎక్కడ రబ్బరు తీసింది, అదంతా గమనించి మీ కాగితం మీద రాసుకోండి. మార్కులు వేయకండి.

ఒకే కంత, మూడు చోట్ల

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. ఫిజిక్స్ రాదని నన్ను పిలిచారు. పుటాకార దర్పణం లెక్క ఇచ్చాను: నాభ్యంతరం 15 సెంటీమీటర్లు, వస్తువు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంది, ప్రతిబింబం ఎక్కడ? సూత్రం గడగడా చెప్పింది. సంజ్ఞా సంప్రదాయం కూడా తెలుసు, రెండింటికీ మైనస్ పెట్టింది. 1/v = 1/20 − 1/15 (v అంటే ప్రతిబింబ దూరం) దాకా చక్కగా వచ్చింది. తర్వాతి వరుసలో 1/5 అని రాసింది. ఇరవైలోంచి పదిహేను తీసేసింది, అంతే. v = 5 అని గీత గీసి, డబ్బా కట్టి, నా వైపు చూసింది.

అసలు జవాబు −60. హారాలకు కసాగు 60, పైన 3 − 4, అంటే −1/60. ప్రతిబింబం దర్పణం ముందే 60 సెంటీమీటర్ల దూరంలో పడాలి. ఆమె జవాబు ప్రకారం అది అద్దం వెనక 5 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. వస్తువు నాభికి అవతల ఉన్నప్పుడు పుటాకార దర్పణంలో అలా జరగదు. ఆమెకు ఆ అనుమానం రాలేదు, ఎందుకంటే అద్దం బొమ్మ గీయలేదు.

అప్పుడు లెక్కల నోటు తీశాను. 2/x + 3/y = 13 రకం సమీకరణాల దగ్గర ఖాళీ. విద్యుత్తు పాఠం తీసి, 3 ఓములు, 6 ఓముల నిరోధాలను సమాంతరంగా కలిపితే ఎంత అన్నాను. 1/3 + 1/6 ని 2/9 చేసి నాలుగున్నర ఓములు అంది. రావాల్సింది 2. మూడు చోట్లా ఒక్కటే జబ్బు, అయిదో తరగతి భిన్నాల కూడిక. ఆమెకు ఫిజిక్స్ రాకపోవడం కాదు.

మందు ఏమిటంటే, రొట్టె. వాళ్లమ్మ జొన్న రొట్టెలు చేస్తుంటే రెండు తెచ్చుకున్నాం. ఒకదాన్ని మూడు ముక్కలు, ఇంకోదాన్ని ఆరు ముక్కలు. మూడింట్లో ఒకటి, ఆరింట్లో ఒకటి కలిపితే సగం రొట్టె అయిందని చేత్తో పట్టుకుని చూసింది. "మరి 2/9 ఎట్లొచ్చింది?" అని అడిగితే నవ్వింది. తర్వాత తొమ్మిది రోజులు, రోజుకు ఆరు భిన్నాల లెక్కలు, పది నిమిషాలు. పదో రోజు దర్పణం లెక్కకు తిరిగొచ్చాం. దర్పణాలు, నిరోధాలు, సమీకరణాలు మూడూ కలిపి ఒకేసారి తెరుచుకున్నాయి.

ఇలాంటి కంతలు నాకు మళ్లీ మళ్లీ కనబడేవి మూడే: భిన్నాలు, మైనస్ గుర్తులు, చదివింది అర్థం చేసుకోకపోవడం. పదిహేను పాఠాలు పది వారాల్లో చెప్పాలని పరిగెత్తే ముందు ఈ మూడూ చూసుకోండి.

చదివింది అర్థం కాని చోట

మూడో కంత అన్నింటికంటే లోతైనది. మన దగ్గర చాలామంది పిల్లలు చిన్న తరగతులు తెలుగు మీడియంలో చదివి నడుమ ఇంగ్లీషు మీడియంలోకి వచ్చినవాళ్లు. పదాల లెక్కలో ప్రశ్న అర్థం కాక లెక్క వదిలేస్తారు, లెక్క రాక కాదు. దాన్ని మనం 'లెక్కల్లో వీక్' కింద కట్టేస్తాం.

సర్కారు బడి పుస్తకాలు ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషుతో కూడా వచ్చాయి, పిల్ల దగ్గర అలాంటిది ఉందేమో చూడండి. దాన్ని వాడుకోండి. ముందు తెలుగు పేజీ చదివించండి, తెలుగులోనే చెప్పించండి, తర్వాత ఇంగ్లీషు పేజీలో అదే సంగతి వెతికించండి. ఒక పొడుగు నోటు తీసుకుని నడుమ గీత గీయండి. ఎడమ పక్క 'నిరోధం', కుడి పక్క 'రెసిస్టెన్స్', దాని స్పెల్లింగు. రోజుకు ఐదు మాటలు చాలు. సార్లు బోర్డు మీద 'డిఫైన్', 'డిఫరెన్షియేట్', 'జస్టిఫై' అని రాస్తే ఏం అడుగుతున్నారో తెలియని పిల్లలు ఎందరో. ఈ అడిగే మాటలు ఓ పదిహేను ఉంటాయి, వాటికి వేరే పేజీ పెట్టండి. పదాల లెక్క ఇచ్చినప్పుడు పెన్ను ముట్టుకోనివ్వకండి. ముందు "ఏం ఇచ్చిండు, ఏం అడిగిండు?" అన్న రెండింటికీ నోటితో జవాబు రావాలి.

గంటన్నరలో ఏం చేయాలి

మొదటి పది నిమిషాలు తెల్లకాగితం. నిన్న చెప్పుకున్నది పుస్తకం మూసి రాయాలి, ఎంత గుర్తుంటే అంత. గుర్తు రాకపోతే తిట్టకండి, అక్కడే మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత ముప్పావు గంట ఒక్క కష్టమైన సబ్జెక్టు. ఆ తర్వాత పావుగంట తేలికైనది, జీవశాస్త్రం బొమ్మో, మ్యాపో, తెలుగు పద్యమో. చివరి పావుగంట పిల్ల సారు, మీరు పిల్ల. ఆమె చెప్తుంది, మీరు తెలివితక్కువ డౌట్లు అడగాలి.

రోజూ ఆరు సబ్జెక్టులు ముట్టుకోవాలని చూడకండి. రోజుకు రెండు, మహా అయితే మూడు.

నా మొదటి ఏడాది నేను ఈ చివరి పావుగంటే వదిలేశాను. లెక్క నేనే చేసేవాణ్ని, అందంగా, రంగు పెన్నులతో. ఆ అబ్బాయి తల ఊపేవాడు. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అనేవాడు. ప్రీ ఫైనల్లో లెక్కలకు 80కి 11 వచ్చాయి. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు, చాయ్ తాగించి పంపించాడు. ఆ చాయ్ ఇప్పటికీ గొంతులోనే ఉంది. అప్పట్నుంచి 'అర్థమైందా' అనే ప్రశ్న మానేశాను. దానికి మన దగ్గర పిల్లలు ఎప్పుడూ ఒకటే జవాబు చెప్తారు. "నాకు చెప్పు బిడ్డా" అంటాను.

తప్పుల నోటు ఒకటి పెట్టించండి. తారీఖు, తప్పు పోయిన వరుస, ఎందుకు పోయిందో ఆమె మాటల్లో ఒక ముక్క. ఆదివారం కొత్త పాఠం వద్దు, ఆ వారం తప్పులే మళ్లీ చేయించండి. హోంవర్కు మూడు లెక్కలకు మించొద్దు. పది ఇస్తే గైడు చూసి దించేస్తారు.

సబ్జెక్టులను ఊరికి కట్టేయండి

త్రికోణమితి అనువర్తనాలు పుస్తకంలో అన్నీ దీపస్తంభాలు, గాలిపటాలే. మీ వాడలో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటుంది కదా. ప్రొట్రాక్టరు తిరగేసి పట్టుకోండి, సమంగా ఉన్న అంచు పైకి రావాలి. మధ్య చుక్క దగ్గర దారం కట్టి కింద ఒక నట్టు వేలాడదీయండి. ఆ అంచు వెంట ట్యాంకు పై అంచును చూస్తూ, దారం 45 మీదకు వచ్చేదాకా పిల్లను వెనక్కి నడిపించండి. మేస్త్రీ టేపుతో, ట్యాంకు అంచుకు సరిగ్గా కింద ఉన్న నేల నుంచి దూరం కొలవండి. టాన్ 45 ఒకటి కాబట్టి దూరమే ఎత్తు. 12 మీటర్లు వచ్చిందనుకోండి, పిల్ల ట్యాంకు ఎత్తు 12 అంటుంది. అప్పుడు "నీ కన్ను నేల మీదుందా?" అని అడగండి. కంటి ఎత్తు 1.4 కలపాలని ఆ ఒక్క ప్రశ్నతో జన్మలో మర్చిపోదు. నల్గొండలో ఉంటే తర్వాత లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు చూపించి, గుట్ట కిందిదాకా టేపు వేయలేం కదా, మరెట్లా అని అడగండి. రెండు చోట్ల నిలబడి రెండు కోణాలు తీసుకునే లెక్క అక్కడ మొదలవుతుంది.

సైన్సూ సోషలూ కలిపి చెప్పడానికి నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ కంటే పెద్ద పాఠం లేదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. మన బోర్లలో అంతకు మించి ఉండబట్టే పాత తరం వాళ్ల పళ్లకు గారలు, మోకాళ్లకు వంకరలు. ఎముక సంగతి జీవశాస్త్రం. ఆ నీళ్లను శుభ్రం చేయడానికి నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన విధానానికి మన ఊరి పేరే పెట్టారు, నల్గొండ పద్ధతి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. పటిక నీళ్లు ఆమ్ల గుణం, సున్నం నీళ్లు క్షార గుణం. దిష్టి తీసేటప్పుడు పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, అది ఆమ్లాలు-క్షారాల పాఠంలో చెప్పే సూచికే. ఆ ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండిస్తే పసుపు మళ్లీ తేలుతుంది. వంటింట్లో ఐదు నిమిషాల పని. ఇక బోరునీళ్లు వదిలి కృష్ణా నీళ్లు ఇళ్లకు ఎందుకు రావాల్సి వచ్చిందన్నది సోషల్. ఇంట్లో నాయనమ్మ ఉంటే ఆమెనే అడిగించండి, అందులో ప్రాజెక్టు రికార్డు కూడా తయారవుతుంది.

మ్యాపు కూడా ఇంటి దగ్గర్నుంచే మొదలుపెట్టండి. సాగర్ చూసిన పిల్లకు ఆ నీళ్లు మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ నుంచి వస్తున్నాయని తెలియదు. మహాబలేశ్వర్ నుంచి కర్ణాటక దాటి, నారాయణపేట జిల్లా దగ్గర మన నేల మీద అడుగుపెట్టి, జూరాల, ఆలంపూర్ పక్కనుంచి శ్రీశైలం, సాగర్ మీదుగా హంసలదీవి దాకా ఒక్క గీత. ముందు చూసి, తర్వాత చూడకుండా. వారం రోజుల్లో దక్కన్ పీఠభూమి, పడమటి కనుమలు, తుంగభద్ర అన్నీ ఆ గీతకే తగులుకుంటాయి.

హిందీ గురించి ఒక మాట. మన టౌన్లలో పిల్లలు వీధిలో ఉర్దూ వింటారు, 'నక్కో', 'హౌ' అని మాట్లాడేస్తారు. అందుకే హిందీ వచ్చని ధీమా. కానీ వీధిలో 'మై బోలా' అంటే సరిపోతుంది, పరీక్షలో 'మైనే కహా' అని రాయాలి. ఆ 'నే' దగ్గరా, స్త్రీలింగ పుంలింగాల దగ్గరా మార్కులు పోతాయి. రోజూ అరపేజీ చూచిరాత, ఐదు వాక్యాల డిక్టేషన్ చాలు. తెలుగుకు పద్యం కంఠస్థం, ప్రతిపదార్థం, ఒక లేఖ. 'ఇంట్లో మాట్లాడేదే కదా' అని దాన్ని మార్చి దాకా ఎవరూ ముట్టుకోరు. మీరు మాత్రం వారానికోసారి ముట్టుకోండి.

ఏడాది ఎలా నడుస్తుందంటే

జూన్ నుంచి దసరా దాకా కంతలు పూడ్చే కాలం. బతుకమ్మ సెలవుల్లో పిల్ల పుస్తకం పట్టదు. పట్టించాలని చూడకండి, సెలవుల ముందు ఎస్ఏ1కు (సగం ఏడాది పరీక్షకు) కావాల్సింది అయిపోయేలా చూసుకోండి. దసరా నుంచి సంక్రాంతి దాకా బడి పాఠాలతో సమంగా నడవండి. యాసంగి నాట్ల రోజుల్లో ఇంట్లోవాళ్లంతా పొలం కాడ ఉంటే వంటా, తమ్ముడూ ఆ పిల్ల నెత్తినే పడతాయి. ఆ రెండు వారాలు గంటన్నర కాస్తా ముప్పావు గంట అయినా పోవడం మానకండి.

చలికాలం నడుమ నుంచి బళ్లలో పొద్దునా సాయంత్రం స్పెషల్ క్లాసులు మొదలవుతాయి. ఏడు గంటలకు అలిసిపోయి వచ్చిన పిల్లకు మళ్లీ పాఠం చెబితే చెవికెక్కదు. అప్పుడు మీ పని రాయించడమే. టైం పెట్టి, పాత పేపరు ఇచ్చి, మాట్లాడకుండా పక్కన కూర్చోండి. మీ ముందు దిద్దుకోవాల్సింది ఆమే, మీరు కాదు.

నెలకోసారి తల్లిదండ్రులతో పది నిమిషాలు కూర్చోండి, పిల్ల ముందే. మార్కులు చెప్పకండి, ఏం వచ్చిందో ఒకటి, ఏం రావాల్సి ఉందో ఒకటి చెప్పండి. "పక్కింటి పోరికి 500 వచ్చినయట" అని వాళ్లు మొదలుపెడితే, నవ్వుతూనే ఆపండి. ఫోను గొడవ మీరు నెత్తికెత్తుకోకండి. మీరున్న గంటన్నర మాత్రం అది లోపలి గదిలో ఉండాలి, మీది కూడా.

మార్చిలో

చివరి వారం కొత్తది ఏదీ తెరవకండి. తప్పుల నోటు, మాటల నోటు, మ్యాపు గీత, సూత్రాల కాగితం, ఈ నాలుగే. పాస్ అంచున ఉన్న పిల్లకు 35 ఎక్కడి నుంచి వస్తాయో ముందే చూసి పెట్టండి. మ్యాపు, గ్రాఫు, జీవశాస్త్రం బొమ్మలు, బిట్లు, ఇవి చేతిలో ఉన్న మార్కులు. ముందు అవే రాయమనండి. ప్రశ్న నంబరు సరిగ్గా వేయడం, గ్రాఫు కాగితాన్ని జవాబు పత్రానికి కట్టడం కూడా ఒకరోజు ఇంట్లో చేయించి చూడండి.

ఒక పేపరు రాసి వచ్చిన సాయంత్రం మీరు తప్పక వెళ్లండి. ప్రశ్నపత్రం చూపించబోతుంది, బిట్లు సరిపోయాయా అని అడుగుతుంది. దాన్ని మడిచి మీ జేబులో పెట్టుకుని, "అన్నం తిన్నవా?" అని అడిగి, రేపటి సబ్జెక్టు తప్పుల నోటు తీయమనండి.